‘పాస్‌వర్డ్‌ను షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో దాచుకోవచ్చు’ అనే సలహా ఎందుకు తప్పు?

ఆండ్రాయిడ్ యాప్‌లు కొత్తగా రాస్తున్నవారికి ఒక సలహా తరచుగా అందుతోంది. ఒక యాప్ ఫోల్డర్‌లోని ఫైళ్లను మరో యాప్ చదవలేదు గనుక యూజర్ పాస్‌వర్డ్‌ను షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో, అంటే యాప్ తన సెట్టింగులను రాసుకునే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో, దాచుకోవచ్చట. అనుమానముంటే బేస్64 అనే మరో అక్షర రూపంలోకి మార్చాలట, అదీ చాలదనుకుంటే రహస్య కీతో పనిచేసే ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయాలట. కీలను భద్రపరిచే ఆండ్రాయిడ్ కీస్టోర్ బ్యాంకు యాప్‌లకే తప్ప చిన్న యాప్‌లకు అక్కర్లేదట. మొదటి మాటలో కొంత నిజం ఉండటం వల్లనే మిగతావి కూడా నమ్మదగినవిగా కనిపిస్తున్నాయి.

ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కూ వేరు లినక్స్ యూజర్ ఐడీ ఇస్తుంది కాబట్టి మామూలు ఫోన్‌లో పక్క యాప్ ఆ ఫైలును తెరవలేదన్నది నిజమే. రూట్ చేసిన, అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తెరిచిన, ఫోన్‌లో మాత్రం ఆ రక్షణ నిలవదు. అంతకన్నా ఎక్కువమంది మరచిపోయేది బ్యాకప్ సంగతి: ఆండ్రాయిడ్ 6 నుంచి, యాప్ వివరాలు రాసే మ్యానిఫెస్ట్ ఫైలులో మనం వద్దని చెప్పకపోతే, ఒక్కో యాప్ డేటా 25 ఎంబీ వరకు, షేర్డ్ ప్రిఫరెన్సెస్ ఫైళ్లతో సహా, యూజర్ గూగుల్ ఖాతాలోకి చేరగలదు. పైగా పాస్‌వర్డ్ యాప్ చేతిలో ఉన్నంతకాలం అది మనం అనుకోని చోటికి కూడా పాకుతుంది. 2014 జనవరిలో స్టార్‌బక్స్ ఐఫోన్ యాప్ విషయంలో జరిగింది అదే. యూజర్ల పాస్‌వర్డ్‌లు క్రాష్ వివరాలు నమోదయ్యే లాగ్ ఫైలులో సాదా అక్షరాలతో కనిపించాయి.

బేస్64 గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దాన్ని విప్పడానికి కీ అవసరమే లేదు. ఎక్స్‌ఎంఎల్ ఫైలులో పాస్‌వర్డ్ అనే పేరు పక్కన, చివర సమానం గుర్తుతో ముగిసే అక్షరాల వరుస కనబడితే అదేమిటో తెలిసినవారు చూడగానే పోల్చుకుంటారు.

ఏఈఎస్ మంచిదే, కానీ ప్రశ్న కీ ఎక్కడ ఉంటుందన్నది. కోడ్‌లోనే రాసిన కీ ఏపీకేతోపాటు, అంటే యాప్ ఇన్‌స్టాల్ ఫైలుతోపాటు, అందరికీ వెళ్తుంది. తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించినట్టు. జాడ్‌ఎక్స్ వంటి ఉచిత పరికరంతో ఆ ఏపీకేను విప్పితే కీ కనబడుతుంది. యాప్ కోడ్‌ను కుదించే ఆర్8 పరికరం క్లాసుల పేర్లను మారుస్తుందే గాని కోడ్‌లో రాసిన స్ట్రింగ్‌లను దాచదు. ఒకరు ఒక్కసారి కీని బయటికి తీస్తే ఆ యాప్ వాడే ప్రతి ఒక్కరి డేటాకూ అదే కీ పనిచేయడం నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే విషయం. కీస్టోర్‌లో అయితే కీ ఆ ఫోన్‌లోనే పుడుతుంది, హార్డ్‌వేర్ రక్షణ ఉన్న ఫోన్లలో దాని బైట్లు యాప్ మెమరీలోకి కూడా రావు. యాప్ కేవలం ‘దీన్ని విప్పి ఇవ్వు’ అని అడుగుతుంది. రూట్ చేసిన ఫోన్ చేతిలో ఉన్నవాడు అక్కడికక్కడ ఆ కీని వాడుకోగలడేమో గాని దాన్ని పట్టుకుపోలేడు. బ్యాకప్‌లో వెళ్లిన ఫైలు వేరే ఫోన్‌లో తెరుచుకోదు కూడా. అలాంటప్పుడు యాప్ ఆగిపోకుండా మళ్లీ లాగిన్ అడిగేలా రాసుకోవాలి.

చిన్న యాప్ అన్న మాట మరీ అన్యాయమైనది. కోచింగ్ సెంటర్ హాజరు యాప్‌లో పిల్లవాడు పెట్టిన పాస్‌వర్డే చాలాసార్లు అతని ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా. యాప్ చిన్నదైనంత మాత్రాన పోయేది చిన్నది కాదు.

అసలు పాస్‌వర్డ్‌ను దాచవలసిన అవసరమే లేదు. లాగిన్ అయ్యాక సర్వర్, పాస్‌వర్డ్‌కు బదులుగా చూపించే, కొద్దిసేపే చెల్లే యాక్సెస్ టోకెన్‌నూ, దాన్ని మళ్లీ తెచ్చుకునే రిఫ్రెష్ టోకెన్‌నూ ఇవ్వాలి. రిఫ్రెష్ టోకెన్‌ను కీస్టోర్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాలి, ఐఫోన్‌లో అయితే రహస్యాలను భద్రపరిచే కీచైన్‌లో పెట్టాలి. ఫోన్ పోతే సర్వర్‌లో ఆ టోకెన్‌ను రద్దు చేస్తే సరిపోతుంది. షేర్డ్ ప్రిఫరెన్సెస్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచే ఎన్‌క్రిప్టెడ్ షేర్డ్ ప్రిఫరెన్సెస్‌ను వాడమనే పాత పాఠాలు ఇంకా తిరుగుతున్నాయి గాని, 2025లో గూగుల్ దాన్ని డెప్రికేట్ చేసింది, అంటే ఇక వాడవద్దని చెప్పింది, కాబట్టి కొత్త యాప్‌లో నేరుగా కీస్టోర్‌నే వాడటం మేలు. ఇప్పటికే పాస్‌వర్డ్ దాచిన యాప్ అయితే, తర్వాతి అప్‌డేట్ మొదటిసారి తెరుచుకోగానే ఆ పాస్‌వర్డ్‌తో ఒక్కసారి టోకెన్ తెచ్చుకుని, పాత ఎంట్రీని చెరిపేసి, ఆ ఫైలును బ్యాకప్ నుంచి తప్పించాలి.