మధ్యాహ్నపు వేదికను చిన్నచూపు చూడొద్దు

కళా కార్యక్రమం అంటే పొద్దుగూకాకే అన్న అలవాటు మనలో గట్టిగా పాతుకుపోయింది. దీపాలు వెలగాలి, తెర లేవాలి, అప్పుడే అది లెక్కలోకి వస్తుంది. శని, ఆదివారాల మధ్యాహ్నం ఇరుగుపొరుగు కలిసి పాడే పాటలు, పిల్లలు గీసిన బొమ్మల ప్రదర్శన, గ్రంథాలయం ఆవరణలో వేసే చిన్న నాటిక మాత్రం కాలక్షేపం కిందే జమ. హాలు ఎలాగూ ఖాళీయే కదా అని ఇస్తారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. స్థానిక కళలకు అసలైన వేళ మధ్యాహ్నమే. అందులోనూ చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని వసంతకాలపు మధ్యాహ్నం.

ఎవరికి వీలవుతుందో చూడండి. చంటిబిడ్డ తల్లి రాత్రి ప్రదర్శనకు రాలేదు. చీకటి పడితే చూపు ఆనని పెద్దాయనా రాలేడు. వచ్చినవాళ్లలోనూ ఆఖరి బస్సు బెంగతో సగంలో లేచిపోయేవాళ్లుంటారు. మూడింటికి మొదలై ఐదింటికి ముగిసే కార్యక్రమానికి వీళ్లందరూ రాగలరు. సమాజ సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని 1948 నాటి మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 27వ అధికరణం చెబుతోంది. ఆ హక్కుకు టికెట్ ధర ఎంత అడ్డమో, వేళ కాని వేళా అంతే అడ్డం. వారాంతాల్లోనూ దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం కుదరదు, నిజమే. వాళ్లకు సాయంత్రాలు ఉండాల్సిందే. అయితే ఉన్నవన్నీ సాయంత్రాలే కావడం దగ్గరే నా అభ్యంతరం.

ఈమధ్య ఒక మధ్యాహ్నపు డోలు వాద్య కార్యక్రమానికి వెళ్లాను. కుర్చీలు బారులు తీర్చి వేశారు. కాసేపటికి ఎండ మీదికొచ్చింది. వెనక వరసలోని ఒక పెద్దావిడ లేచి, తన ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా ఎత్తి చెట్టు నీడలోకి జరుపుకున్నారు. ఆమెను చూసి ఇంకొకరు, ఆ వెనక నలుగురు. పది నిమిషాల్లో వరసలు చెదిరి, వాయించేవాళ్ల చుట్టూ జనం అర్ధచంద్రాకారంలో చేరారు. వాయిద్యం ఆగిన చోట ఒక పిల్లవాడు మెల్లగా వచ్చి డోలు మీద అరచెయ్యి ఆనించాడు. వాద్యకారుడు వారించలేదు. అవతలి వైపు ఒక్క దెబ్బ వేసి, ఆ అదురు వాడి చేతికి తెలియనిచ్చాడు.

న్యూయార్క్‌లోని బహిరంగ స్థలాల్లో జనం మసలే తీరును కెమెరాలతో గమనించిన విలియం వైట్ 1980లో తేల్చింది చాలా సాదా సంగతి: కూర్చోడానికి చోటున్న దగ్గరే మనుషులు కూర్చుంటారు. జరుపుకోవడానికి వీలైన కుర్చీలను ఆయన ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. వేదిక వెనక బ్యానర్ మీద పెట్టే శ్రద్ధలో సగం కుర్చీల మీద, నీడ మీద పెడితే కార్యక్రమం తీరే మారిపోతుంది.

డబ్బు మాటకొస్తే, టికెట్లతోనే నిలదొక్కుకోమనడం అన్యాయం. ఆర్థికవేత్తలు బామోల్, బోవెన్ 1966లోనే దీన్ని విడమరిచి చెప్పారు. నలుగురు వాయించాల్సిన సంగీతానికి నూరేళ్ల కిందటా నలుగురే, ఇప్పుడూ నలుగురే. యంత్రాలొచ్చి మిగతా రంగాల్లో తలసరి ఉత్పత్తి పెరుగుతుంది, దాంతో జీతాలూ పెరుగుతాయి. ఆ పెరుగుదల కళాకారుల ఖర్చుల మీదా పడుతుంది, వాళ్ల పని వేగం మాత్రం పెరగదు. అందుకే స్థానిక సంస్థలు హాలు ఉచితంగా ఇవ్వాలి, కళాకారులకు పారితోషికమూ ఇవ్వాలి. పదిమందికీ తెలుస్తారు కదా అని ఊరికే వాయించమనడం ఆపాలి.

ఇంకో లోటు కొనసాగింపు లేకపోవడం. బ్రిటన్‌లో వయోజనుల తరగతులను ఏడు నెలలపాటు గమనించిన పరిశోధకులు 2015లో ఒక ఫలితం ప్రచురించారు. చివరికి రచన, చేతిపనుల తరగతుల వాళ్లూ పాటల తరగతి వాళ్లంత దగ్గరయ్యారు, కాకపోతే పాడినవాళ్లలో ఆ చనువు ముందుగా కుదిరింది. వాళ్లు కలిసింది ఒక్క రోజు కాదు, నెలల తరబడి. మనం ఏడాదికో పండగలా ఒక్క మధ్యాహ్నం జరిపి చేతులు దులుపుకుంటాం.

ఆ రోజు ఐదు దాటాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, ఆ పెద్దావిడ తన కుర్చీ తానే తెచ్చిచ్చి "మళ్లీ ఎప్పుడు బాబూ?" అని అడిగారు. నిర్వాహకుల దగ్గర చెప్పడానికి తేదీ లేదు.