"పాత బండి కదా, అలాగే ఉంటుంది" అనేవాళ్లకు

మధ్యాహ్నం షెడ్‌లో "గేర్‌బాక్స్ పోతోంది, దింపాల్సిందే" అన్నారు. సాయంత్రానికల్లా ఒక వాషర్‌తో శబ్దం పోయింది. ఒక్క వాషర్! ఒళ్లు మండిపోతోంది.

బండి 1994 మాజ్దా ఎంఎక్స్-5, మొదటి తరం, హెడ్‌లైట్లు పైకి లేచే రకం. ఇంజిన్ బాగా వేడెక్కాక, 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరకు రాగానే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగల. ఆ వేగం దాటితే ఉండదు. ఇంజిన్ చల్లగా ఉంటే అసలే ఉండదు. సగం జబ్బు ఈ మూడు ముక్కల్లోనే తెలిసిపోతోంది కదా? అవి నేను చెబుతుంటే షెడ్‌లో మెకానిక్ ఫోన్ చూసుకుంటున్నాడు. బోనెట్ ఎత్తలేదు, కిందికి వంగి చూడలేదు. పక్క సీట్లో కూర్చుని ఒక రౌండు తిరిగొచ్చి గేర్‌బాక్స్ అనేశాడు. ఎందుకంటే శబ్దం గేర్ లివర్ దగ్గర వినిపిస్తోందట!

ఈ బండిలో గేర్‌బాక్స్‌కీ, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కీ మధ్య పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది. వెనకెక్కడో పుట్టిన శబ్దం దాని వెంట పాకి వచ్చి డ్రైవర్ మోచేతి దగ్గర వినిపించగలదు. రోజూ బండ్లు విప్పేవాళ్లకు శబ్దం వినిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు అని ఎవరైనా కొత్తగా చెప్పాలా?

శబ్దం ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతోందా, చక్రాల వేగాన్ని బట్టి మారుతోందా? మొదట తేల్చాల్సింది ఇదే. బండి నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కాను. 3000 దగ్గర గలగల వచ్చింది. అంటే చక్రాల బేరింగులు, సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు), డిఫరెన్షియల్ అన్నీ అక్కడికక్కడే లెక్కలోంచి పోయాయి. తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి మళ్లీ రేజ్ చేశాను. అప్పుడూ వచ్చింది. న్యూట్రల్‌లో నిలబడ్డ బండికి క్లచ్ తొక్కితే గేర్‌బాక్స్ లోపల తిరగడం ఆగిపోతుంది. తిరగని బేరింగ్ ఎలా అరుస్తుంది? ఈ పరీక్షకు స్పానర్ కూడా అక్కర్లేదు. ఎడమ కాలు ఉంటే చాలు.

బండిని స్టాండ్ల మీద నిలబెట్టి కిందికి దూరాను. తమ్ముడు పైన యాక్సిలరేటర్ పట్టుకున్నాడు. సైలెన్సర్ పైపు మీద వేడి తగలకుండా ఒక రేకు ఉంటుంది, హీట్ షీల్డ్. దాని బోల్టుకు స్పానర్ వేస్తే కదల్లేదు, బిగుతుగానే ఉంది. కానీ బోల్టు చుట్టూ రేకు తుప్పు పట్టి తినేసింది, రంధ్రం బోల్టు తలంత పెద్దదైంది. బోల్టు దాని చోట అది ఉంది, రేకు మాత్రం వేలాడుతోంది. కర్రతో రేకును అదిమాను, నిశ్శబ్దం. కర్ర తీశాను, గలగల. వేడికి రేకు సాగి సందు పెరుగుతోంది, 3000 దగ్గర ఇంజిన్ అదురుకు ఆ రేకు సరిగ్గా తాళం కలుపుతోంది. వెడల్పాటి వాషర్ వేసి బిగించాను. అంతే.

దీనికి గేర్‌బాక్స్ దింపేవాళ్లు!

మా స్నేహితుడి పోర్షా 944 సంగతి తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది. వేగం పెరిగేకొద్దీ బుర్రుమనే శబ్దం. ఎడమకు తిప్పితే పెరిగేది, కుడికి తిప్పితే తగ్గేది. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది, కాబట్టి ముందు అనుమానించాల్సింది కుడి బేరింగ్. వాడు తీసుకెళ్లిన షెడ్‌వాళ్లు ఎడమది మార్చారు. శబ్దం పోలేదని వెళ్తే టైర్లు మార్చమన్నారు. టైర్లు మార్చాక "స్పోర్ట్స్ కారు కదా, ఆ మాత్రం సౌండ్ ఉండాలి" అన్నారు. చివరికి ఇంకోచోట కుడి బేరింగ్ మారిస్తే పోయింది. మార్చిన ప్రతి పార్టుకీ బిల్లు వాడే కట్టాడు. తప్పు చెప్పినవాళ్లు ఒక్క రూపాయి వెనక్కి ఇచ్చారా?

అసలు నా కోపం ఈ షెడ్ మీదే కాదు. కారు శబ్దమంటేనే జనానికి లెక్క లేకుండా పోయింది. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజిన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి వినిపించడం మొదలుపెట్టారు. అంత ఇంజిన్ పెట్టి, దాని గొంతు స్పీకర్ లోంచి! ఆ తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. క్యాబిన్‌లోకి ఏ శబ్దమూ రాకుండా మూసేయడం, పైనుంచి తయారుచేసిన గర్జన పోయడం. దానికి అలవాటు పడ్డవాళ్లు నా బండి ఎక్కి "ఏంటి ఇన్ని శబ్దాలు?" అంటారు. అవి నిజమైన శబ్దాలు. ఉదయం స్టార్ట్ చేయగానే పైన టకటకమని, ఆయిల్ ఎక్కగానే ఆగిపోతే అది వాల్వుల దగ్గర సందును ఆయిల్ ఒత్తిడితో సరిచేసే హైడ్రాలిక్ అడ్జస్టర్లు నిండుతున్న శబ్దం. ఆగకపోతే ముందు ఆయిల్ చూసుకోమని బండి చెబుతున్నట్టు. ఇంత స్పష్టంగా చెప్పే యంత్రాన్ని పట్టుకుని "పాటల వాల్యూమ్ పెంచుకోండి" అని సలహా ఇస్తారా? ఇవాళ నాకు ఆ సలహా కూడా ఇచ్చారు.

ముప్పై ఏళ్లు దాటిన బండిలో రబ్బరు గట్టిపడుతుంది, క్లిప్పులు వదులవుతాయి, నిజమే. దానర్థం వెతకడం మానేయమని కాదు. వయసు ఏ శబ్దానికీ కారణం కాదు. కారణం ఒక బుష్, ఒక బోల్టు, ఒక రేకు. దాన్ని వేలు పెట్టి చూపించలేనివాళ్లు డబ్బు అడగకూడదు.

ఇక సాఫ్ట్‌టాప్, అంటే మడిచే గుడ్డ పైకప్పు, దాన్ని బిగించే లాచ్ దగ్గర వచ్చే కిర్రు ఒకటి మిగిలింది. గుంతలో పడితేనే వస్తుంది, చేత్తో లాచ్ పట్టుకుంటే ఆగిపోతుంది. అక్కడ రబ్బరు ఎండిపోయింది. రేపు సిలికాన్ గ్రీజు రాస్తాను. దాని గురించి ఎవరి అభిప్రాయమూ అడగట్లేదు.