పాత కారు ఇంజిన్ పోతే ఎవరినీ అడగలేమా? ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాన్నాళ్లుగా తిరుగుతోంది. కార్లు కొనే, అమ్మే గ్రూపుల్లోనే కాదు, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, టెన్త్ బ్యాచ్ గ్రూపుల్లో కూడా కనిపిస్తోంది. దాని సారాంశం ఇది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక ఇంజినో గేర్‌బాక్సో పోతే అది మీ ఖర్మ. పాత సరుకుకు వినియోగదారుల చట్టం వర్తించదు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ తీసుకున్నానని సంతకం పెట్టారు కాబట్టి అమ్మినవాళ్లను ఏమీ అనలేరు. తెలిసిన మెకానిక్‌తో ఆ రోజే ఇంజిన్ విప్పించండి. కేసు వేస్తే బండి రేటును మించి లాయరు ఫీజవుతుంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే బండి నీళ్లలో ఆగిపోయిందని చెప్పి క్లెయిమ్ పెట్టండి. అదీ కుదరకపోతే బండి మీ పేరు మీదికి మారకముందే ఇంకొకరికి అమ్మేయండి.

ఇందులో ఒకే ఒక్క మాట సగం నిజం. మిగతావన్నీ తప్పు. చివరి రెండు సలహాలైతే పాటించినవాళ్ల మీదే కేసు పడేలా ఉన్నాయి. నాలుగైదు లక్షలు అప్పు చేసి జీవితంలో మొదటి కారు కొనుక్కున్న కుటుంబాలు ఈ మెసేజ్ నమ్మి, చేతిలో ఉన్న ఆధారాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నాయి. అది చూస్తూ ఊరుకోలేకే ఇది రాస్తున్నాను.

“పాత సరుకుకు వినియోగదారుల చట్టం వర్తించదు”

వర్తిస్తుంది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. డబ్బిచ్చి వస్తువు కొన్నవాళ్లు వినియోగదారులే. ఆ వస్తువు కొత్తదా పాతదా అన్న షరతు అందులో ఎక్కడా లేదు. పైగా అక్రమ వ్యాపార పద్ధతులు ఏవేవో చెప్పే జాబితాలో పాత సరుకును, బాగుచేసిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడం కూడా ఉంది. వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడమూ ఆ జాబితాలోనే ఉంది.

మళ్లీ అమ్ముకోవడానికి, వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను మాత్రం చట్టం పక్కన పెట్టింది. దాంతో క్యాబ్ నడుపుకునే చాలామంది తమకు దారి లేదనుకుంటారు. కానీ స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికి కొని, తానే వాడుకునే మనిషిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. అప్పు మీద పాత డిజైర్ కొని తనే నడుపుకునే డ్రైవరుకు కూడా అడిగే హక్కు ఉంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆటో కన్సల్టెన్సీ దగ్గరో, పాత కార్లు అమ్మే కంపెనీ దగ్గరో కొంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. తన సొంత కారును ఎవరో ఒక ఉద్యోగి మీకు నేరుగా అమ్మితే ఆయన వ్యాపారి కాడు కాబట్టి, సాధారణంగా ఆ దారి ఉండదు. అప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆధారంగా సివిల్ కోర్టుకు వెళ్లాలి. దారి మారుతుందే తప్ప మూసుకుపోదు.

“‘ఉన్నది ఉన్నట్టుగా’ అని సంతకం పెడితే అంతే”

సగం నిజమన్నది ఈ మాటే. అందుకే దీన్ని కాస్త వివరంగా చూడాలి.

సరుకుల విక్రయ చట్టం 1930 ప్రకారం చూసుకుని కొనాల్సిన బాధ్యత మొదట కొనేవాళ్లదే. ఆ సరుకులో వ్యాపారం చేసేవాళ్లు అమ్మితే, అది అమ్మకానికి పనికొచ్చే నాణ్యతతో ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. అయితే మీరు బండిని పరీక్షించి తీసుకుంటే, ఆ పరీక్షలో కనిపించాల్సిన లోపాల గురించి తర్వాత అడగలేరు. రాయని షరతులను రాతపూర్వక ఒప్పందంతో తీసేయడానికీ ఆ చట్టం ఒప్పుకుంటుంది. డెలివరీ నోటు మీద ఆ ఒక్క వాక్యం అచ్చువేసి సంతకం పెట్టించుకునేది ఇందుకే. దానికి బలం లేదనడం నిజాయితీ కాదు. పన్నెండేళ్ల డీజిల్ బండి, లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిందని తెలిసే కొన్నారు, రెండు నెలలకు క్లచ్ పోయింది, టర్బో పోయింది అంటే అది అరుగుదల. ఆ ఖర్చు ఎవరినీ అడగలేం.

కానీ సంతకం అబద్ధాన్ని కప్పిపుచ్చదు. విషయం తెలిసీ కావాలని దాచిపెట్టడం మోసమని కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. మోసంతో తీసుకున్న సమ్మతిని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ ఇస్తోంది. కాబట్టి కాగితం మీద ఏం రాశారన్నది మాత్రమే ముఖ్యం కాదు, అమ్మేనాటికి వాళ్లకు ఏం తెలుసు, మీకు ఏం చెప్పారు అన్నది కూడా ముఖ్యం. మీటరు అరవై వేలు చూపిస్తోంది, అదే బండి రెండేళ్ల కిందటే కంపెనీ సర్వీస్ సెంటర్లో లక్షా పది వేల దగ్గర సర్వీసుకు వచ్చింది. ప్రమాదమే జరగలేదని మెసేజ్ పెట్టారు, పాత ఇన్సూరెన్స్ క్లెయిములో ముందుభాగమంతా మార్చినట్టుంది. ఇలాంటివాటిని ఏ డెలివరీ నోటూ కాపాడదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. అలా మునిగిన బండిని శుభ్రంగా తుడిచి, ఆ సంగతి చెప్పకుండా అమ్మినా ఇదే మాట. సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద ఎండిన బురద గీత, సీటు బెల్టు మొత్తం బయటికి లాగితే చివర కనిపించే మరక, ఇవన్నీ ఫొటో తీసి పెట్టుకోదగ్గవే.

“ఆ రోజే ఇంజిన్ విప్పించండి”

మెసేజ్ మొత్తంలో జనాలకు ఎక్కువ నష్టం చేస్తున్న సలహా ఇదే.

కొన్న మూడు వారాలకు హైవే మీద టెంపరేచర్ ముల్లు పైకెళ్లి, తెల్లపొగ కక్కి బండి ఆగిపోయిందనుకోండి. రేడియేటర్లో కూలెంట్ తగ్గి ఇంజిన్ మరీ వేడెక్కితే ఇంజిన్ పైభాగంలో ఉండే అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. హెడ్‌కూ, దాని కింద ఉండే ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య లీకు కాకుండా పెట్టే గాస్కెట్ పోతుంది. కూలెంట్ వెళ్లి ఆయిల్లో కలుస్తుంది. అసలు ప్రశ్న ఇది మీ చేతిలో జరిగిందా, అమ్మకముందే మొదలైందా అన్నది. దానికి జవాబు చెప్పే గుర్తులన్నీ విప్పని ఇంజిన్లోనే ఉంటాయి. మెకానిక్ హెడ్ దించి, అడుగు చదును చేయించడానికి (ఫేసింగ్) లేత్ షాపుకు పంపి, పాత గాస్కెట్ చెత్తలో పడేసి, ఆయిల్ పారబోశాక అమ్మినవాళ్లు ఒకే ఒక్క మాట అంటారు: “మేం ఇచ్చినప్పుడు బాగానే ఉంది, మీ మెకానిక్కే పాడుచేశాడు.” దాన్ని కాదని చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

అందుకే ముందు బండి ఆపండి. మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్లండి, ఆ రసీదు దాచుకోండి. మీటరు రీడింగ్, డాష్‌బోర్డు మీద వెలిగిన లైట్లు వీడియో తీయండి. ఇంజిన్ చల్లారాక ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూడండి. నల్లగా జిగురుగా ఉండాల్సిన చోట పాలు ఎక్కువైన కాఫీ రంగులో నురగ కనిపిస్తే ఆయిల్లో నీరు చేరిందని అనుమానించాలి. తక్కువ దూరాలే తిరిగే బండ్లలో చలికాలం కాస్త తేమ పట్టడం మామూలే కాబట్టి ఆ ఒక్కటే చాలదు, ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) కూడా చూడాలి. కూలెంట్ ట్యాంకులో తుప్పునీళ్లు ఉన్నాయా, లీకు తాత్కాలికంగా ఆపడానికి పోసే ద్రవం తాలూకు రేణువులు అడుగున పేరుకున్నాయా చూడండి. మీరు పోయించకపోతే అది ఎవరు పోశారన్నది అమ్మినవాళ్లే చెప్పాలి.

తర్వాత బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. చాలా బండ్లలో, ఎర్రర్ కోడ్లు చివరిసారి చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్ దాచుకుంటుంది. మీరు తిప్పింది 900 కిలోమీటర్లు, కోడ్లు చెరిపి 930 కిలోమీటర్లు అయిందని స్కానర్ చూపిస్తే, మీకు తాళం ఇవ్వడానికి కాస్త ముందే ఎవరో చెక్ ఇంజిన్ లైటు ఆర్పారన్న అనుమానం బలపడుతుంది. బ్యాటరీ తీసినా కొన్ని బండ్లలో ఈ లెక్క సున్నాకు వస్తుంది, అందుకే ఇదొక్కదాని మీదే ఆధారపడకూడదు. కానీ మిగతావాటితో కలిస్తే గట్టి ఆధారం. చాలామంది మెకానిక్‌లు స్కానర్ పెట్టగానే అలవాటుగా కోడ్లు చెరిపేస్తారు. ముందే చెప్పి ఆపండి, స్క్రీన్ ఫొటో తీసుకోండి.

విప్పక తప్పనప్పుడు, ఫలానా రోజు ఫలానా చోట విప్పిస్తున్నాం, మీ మనిషిని పంపండి అని అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లు రాకపోయినా, పిలిచారన్నది రికార్డులో ఉంటుంది. వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్లోనో, నష్టం అంచనా వేసే లైసెన్సున్న ఇన్సూరెన్స్ సర్వేయర్ సమక్షంలోనో విప్పించండి. లోపం ఏంటి, ఎంతకాలంగా ఉన్నట్టుంది అన్నది జాబ్ కార్డులోనో రిపోర్టులోనో రాయించుకోండి. తీసిన ప్రతి పార్టూ మీ దగ్గరే ఉంచుకోండి. పాత కార్ల కంపెనీ ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు వారంటీ ఇచ్చి ఉంటే ఇది మరీ అవసరం. వాళ్ల అనుమతి లేకుండా బయట విప్పితే వారంటీ రద్దనే షరతు మామూలుగా ఉంటుంది.

ఆటోనగర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చి బిగించేయమని కూడా కొందరు చెబుతారు. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. మార్చాక రవాణా శాఖ రికార్డులోనూ మార్పించాలి, లేదంటే రేపు ఇన్సూరెన్స్ దగ్గరా అమ్మకం దగ్గరా చిక్కే.

“కేసు ఖర్చు బండి రేటును మించుతుంది”

బండికి మీరు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల వరకు 400. లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. హైదరాబాద్‌లో కొని విజయనగరంలో ఉంటుంటే విజయనగరంలోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లు.

ఆలస్యం మాత్రం నిజమే. పరీక్షలు అవసరమైన కేసును ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకు మించే పడుతుంది. ఇచ్చిన డబ్బంతా తిరిగొస్తుందన్న హామీ కూడా లేదు, కొన్నిసార్లు రిపేరు ఖర్చు వరకే ఇప్పిస్తారు. అయినా అన్ని గొడవలూ కమిషన్ దాకా వెళ్లనక్కర్లేదు. ఫొటోలు, స్కాన్ రిపోర్టు, అమ్మేముందు వాళ్లు పెట్టిన మెసేజ్‌లు జతచేసి, పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపితే, ఫోన్ ఎత్తనివాళ్లు కూడా మాటలకు రావచ్చు. దానికి ముందో తర్వాతో 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అమ్మినవాళ్లతో జరిగిన చాట్ మాత్రం డిలీట్ చేయకండి, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే తీసేయండి.

“నీళ్లలో ఆగిందని క్లెయిమ్ పెట్టండి”

ఫుల్ ఇన్సూరెన్స్ అనే మామూలు సమగ్ర పాలసీలో అరుగుదలకు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు కవరేజీ ఉండదు. అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉన్నా అది నీళ్లు చేరడం, ఆయిల్ కారిపోవడం లాంటివాటికే. అరిగి తెగిన టైమింగ్ బెల్టుకు కాదు. సర్వేయర్ ఇంజిన్ విప్పగానే నీళ్లు వెళ్లాయో లేదో తెలిసిపోతుంది. మోసపోయిన మనిషి చేతులారా మోసగాడిగా మారకూడదు.

“మీ పేరు మీదికి మారకముందే అమ్మేయండి”

ఇది వింటే కోపం వస్తుంది. లోపం తెలిసీ దాచి అమ్మితే, మీకు జరిగిన అన్యాయమే ఇంకో కుటుంబానికి మీరు చేసినట్టు. పైన చెప్పిన 17వ సెక్షన్ అప్పుడు మీ మీదికే వస్తుంది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు కూడా కావచ్చు.

పేరు మార్చుకోకపోవడం వేరే ప్రమాదం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లో బదిలీ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. బండి చేతులు మారినా రికార్డులో పేరున్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పాలసీ పనిచేసినా, మీ బండి నష్టానికి కంపెనీ ఇవ్వకపోవచ్చు. పాత కార్ల డీలర్లకు రవాణా శాఖ అధీకృత పత్రం ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. మీకు అమ్మినవాళ్లకు అది ఉందో లేదో కూడా నోటీసులో అడగండి.

బండి షెడ్డులో ఉన్నా ఈఎంఐ ఆపొద్దు. అప్పు మీకూ బ్యాంకుకూ మధ్య సంగతి, కన్సల్టెన్సీతో గొడవ దానికి సాకు కాదు. నిజంగా ఆ బండి వదిలించుకోవాలనుకుంటే కమిషన్‌లో వ్యవహారం తేలాక, బ్యాంకు అప్పు తీర్చి, అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ) తీసుకుని, ఇంజిన్ పరిస్థితిని సేల్ లెటర్లో ఉన్నదున్నట్టు రాసి, అది చదివి సంతకం పెట్టే మనిషికే అమ్మండి.