మురుగునీళ్ళ దారి అడిగి, మిలట్రీ నుంచి వచ్చినోణ్ణి అడగని జనాభా లెక్కల ఫారం గారికి

నమస్కారం ఫారం గారూ,

గారు అని ఈ ఒక్కసారే అంటా, తర్వాత నువ్వే, మా బాత్రూం దాకా వచ్చి ఆరా తీసేదానితో ఇంకా మర్యాదలేంటి. 2011లో వచ్చి వెళ్ళావు, 2021లో కరోనా అని ఎగ్గొట్టావు, ఇప్పుడు ఫోన్లో యాప్ అవతారమెత్తి 2027 లెక్కలంటున్నావు, సంతోషం. ఇళ్ళ లెక్కకి నువ్వు వేసుకున్న 33 ప్రశ్నలూ కూర్చుని చదివా. నేల దేంతో వేశారు, ఇంట్లో పెళ్ళైన జంటలెన్ని, ఎక్కువగా తినే ధాన్యం ఏంటి, వాడిన నీళ్ళు ఎటు పోతాయి... మురుగునీళ్ళు ఎటు పోయాయో కావాలి గానీ ఈ ఇంట్లోంచి ఎవరైనా మిలట్రీకి పోయారా, పోయినోడు తిరిగొచ్చాడా అనేది మాత్రం నీకు అక్కర్లేదు.

సరే అవి ఇళ్ళ ప్రశ్నలు, మనుషుల ఫారం వేరే ఉంటుంది కదా అంటావేమో. 2011లో అదీ చూశాం. మా మావయ్య హవల్దార్‌గా రిటైరై అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ చేసేవాడు, పని చేస్తున్నాడా, చేస్తున్నాడు, అయితే వర్కర్, అయిపోయింది. పక్క వీధి సుబేదార్ గారు ఏ పనీ చెయ్యకుండా అరుగు మీద పేపర్ చదువుకునేవాడు కాబట్టి ఆయన పెన్షనర్, అంటే పోస్టాఫీసులో రిటైరైనాయనా ఈయనా నీకు ఒకటే. అసలు ఆ పెన్షనర్ అనే గడి ఎక్కడుందో నీకు తెలుసు కదా, అదే వరసలో అద్దెల మీద బతికేవాళ్ళు, ఆ తర్వాత బిచ్చగాళ్ళు. బోర్డర్లో పదిహేడేళ్ళు చేసొచ్చినాయనకి ఎంత మంచి ఇరుగుపొరుగుని చూపించావయ్యా.

నీకు తెలీదు గానీ ఊళ్ళో అందరికీ తెలుసు. ఏ ఇంట్లో మిలట్రీ క్యాంటీన్ కార్డుంది, దాని మీద చవగ్గా వచ్చే మందులో హవల్దార్ కోటా ఎంత, సుబేదార్ కోటా ఎంత, ఈ నెల సీసాలు తెచ్చాడా ఇంకా తేలేదా, తెస్తే ఎవరికి మాటిచ్చాడు, ఇదంతా మా మందుబాబుల దగ్గర ఏ రోజుకారోజు అప్‌డేట్ అయి ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మా మావయ్యకి ఎప్పుడూ లేని చుట్టాలు పుట్టుకొస్తారు, వచ్చి మంచం కింద నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరూ ర్యాంకూ పేరూ పైకి చదివి, అబ్బో మీలాంటి వాళ్ళ వల్లే కదండీ మేం నిద్రపోతున్నాం అని ఒక డైలాగ్ కొట్టి, తర్వాత మెల్లగా రమ్ము విషయం ఎత్తుతారు. ఎందుకైతేనేం, వాళ్ళు వచ్చి అడుగుతారు. నువ్వు అదీ అడగవు.

లెక్కలు లేవా అంటే ఉన్నాయి, లేవని ఎవరన్నారు. జిల్లా సైనిక బోర్డుల్లో మాజీ సైనికుల రిజిస్టర్లున్నాయి, దేశం మొత్తం మీద 25 లక్షల మంది పైనే, యూపీ పంజాబ్ ముందు వరసలో. కానీ అది వెళ్ళి పేరు రాయించుకున్న వాళ్ళ లెక్క. ఇంకోటి పెన్షన్ లెక్క. వన్ ర్యాంక్ వన్ పెన్షన్, అంటే ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకుకీ ఒకే సర్వీసుకీ ఒకే పెన్షన్, దాని కోసం మాజీ సైనికులు 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఎండలో వానలో కూర్చుంటే ఆ నవంబర్‌లో ఆర్డర్ వచ్చింది, డబ్బులివ్వాల్సిన చోట లెక్క ఉండక తప్పదు మరి. కాకపోతే అది ఖాతాల లెక్క, మనుషుల లెక్క కాదు. పదిహేనేళ్ళు నిండకుండా బయటికొచ్చి పెన్షన్ లేనోడు, ఆఫీసు ఎక్కడో తెలీక పేరు రాయించుకోని ముసలాయన, ఆయన పోయాక కాగితాలు పట్టుకుని తిరుగుతున్న భార్య, వీళ్ళు ఏ రిజిస్టర్లో దొరుకుతారు చెప్పు.

బ్రిటన్ వాడు చూడు, వాడికీ ఇన్నేళ్ళు ఈ సోయి లేదు, 2021 సెన్సస్‌లో మొదటిసారి ఒక ప్రశ్న పెట్టాడు, సైన్యంలో చేశారా అని. ఇంగ్లండ్ వేల్స్ కలిపి 18.5 లక్షల మంది తేలారు, అందులో సగానికి పైగా 65 దాటినవాళ్ళు. ఎందుకంటే వాళ్ళకి 1960 దాకా కుర్రాళ్ళందర్నీ నిర్బంధంగా సైన్యంలోకి లాగే పద్ధతుండేది, ఆ కుర్రాళ్ళే ఇప్పటి తాతలు. అంటే వాళ్ళకి పాత సైనికుల సమస్య చాలావరకు మోకాళ్ళ నొప్పుల సమస్య. మనది అది కాదు కదా. మన జవాను పద్దెనిమిదికి పోయి, నలభై దాటీ దాటకముందే పెట్టె సర్దుకుని వచ్చేస్తాడు, మీసానికి ఇంకా రంగెయ్యాల్సిన పనుండదు, పిల్లలు స్కూల్లో ఉంటారు, ఇంటి లోను సగం కూడా తీరదు, అలా ఏటా 60 వేల మంది దాకా వస్తారు. వాళ్ళకి కావాల్సింది రెండో ఉద్యోగం. కేంద్రంలో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం కోటా అంటారు, మన రాష్ట్రంలో 2 శాతం అంటారు, బానే ఉంది, కోటాలో ఎన్ని నిండాయో అడిగే ముందు ఏ జిల్లాలో ఎంతమంది ఖాళీగా ఉన్నారో తెలియాలా వద్దా? పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటికొకర్ని పంపుతున్న ఊరు, జనమే దానికి మిలట్రీ మాధవరం అని పేరెట్టేశారు. నీ లెక్కల్లో మాత్రం అది ఇన్ని ఇళ్ళు, ఇన్ని సైకిళ్ళు, ఇన్ని టీవీలు ఉన్న ఒకానొక పంచాయతీ.

ఇప్పుడు అసలు కామెడీకి వద్దాం. 2022లో సైన్యంలోకి కుర్రాళ్ళని తీసుకోడానికి అగ్నిపథ్ అనే పథకం పెట్టారు, నాలుగేళ్ళు చేయించుకుని 25 శాతం వరకు ఉంచుకుంటారు, మిగతావాళ్ళు ఇంటికి. మొదటి బ్యాచ్ 2022 ఆఖర్లో 2023 మొదట్లో చేరింది, అంటే సరిగ్గా నువ్వు 2027 లెక్కలకి వీధుల్లోకి వచ్చే టైముకి ఆ కుర్రాళ్ళూ వీధిలోకి వస్తారు, భలే కుదిరింది ముహూర్తం. వాళ్ళకి పెన్షన్ లేదు కాబట్టి పెన్షన్ లెక్కలోకి రారు, పెట్టినప్పటి రూల్స్ ప్రకారం మాజీ సైనికుడి హోదా లేదు కాబట్టి ఆ రిజిస్టర్లోకీ రారు, క్యాంటీన్ కార్డు లేదు కాబట్టి చివరికి మా మందుబాబుల లెక్కలోకి కూడా రారు. ఇరవై మూడేళ్ళకి తుపాకీ పట్టడం వచ్చి, చేతిలో బయటికొచ్చేటప్పుడు ఇచ్చిన పదకొండు లక్షల చిల్లర ఉండి, ఏ కాగితంలోనూ లేని కుర్రాడు. నీ గడుల్లో వాడి పేరేంటి? పని వెతుక్కుంటున్నవాడు, అంతేనా?

కులం అడగబోతున్నావు, ఫోన్ నంబరు ఎలాగూ అడుగుతావు, ఇంత పొడుగు యాప్‌లో ఇంకో లైను పడితే సర్వర్ ఏమీ కూలిపోదు. సైన్యంలో చేశారా, ఎన్నేళ్ళు చేశారు, ఇప్పుడేం చేస్తున్నారు. అంతే అడుగు.

ఇట్లు,
మావయ్య కోటా మీద కన్నేసిన ఒకానొక మేనల్లుడు

తా.క.: నిన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది ఎలాగూ బడి పంతుళ్ళే కదా. వాళ్ళలో ఎక్స్ మిలట్రీ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న మాస్టారు కూడా ఉండొచ్చు, ఎండలో మూడొందల గడపలెక్కి దిగినా తనని తాను రాసుకునే గడి మాత్రం ఆయనకి ఎక్కడా దొరకదు.