సీఆర్‌పీ అంకె మీద జాతి ముద్ర వేయకండి

గుండెపోటు గురించి ఒక మాట ఈమధ్య బాగా తిరుగుతోంది. "గుండెపోటుతో చేరిన నల్లజాతి వారి రక్తంలో వాపు సూచికలు తెల్లజాతి వారికంటే ఎక్కువ. అంటే వాళ్ల రక్తమే అంత, జన్యువుల్లోనే ఉంది. ఆ సీఆర్‌పీయే గుండెపోటు తెస్తుంది. దానికి చేయగలిగిందేమీ లేదు." ఇక్కడ వాపు అంటే పైకి కనిపించే ఉబ్బు కాదు, దెబ్బకో ఇన్‌ఫెక్షన్‌కో శరీరం లోపల చూపే ప్రతిస్పందన. సీఆర్‌పీ అంటే అలాంటప్పుడు కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్, వాపు సూచికల్లో ఒకటి. ఆ మాటల్లో మొదటి వాక్యంలో కొంత నిజం ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని మిగతావన్నీ చెలామణి అవుతున్నాయి. ఇది నమ్మి ఎవరైనా వైద్యం వదిలేస్తే పోయేది ప్రాణం. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

"నల్లజాతి వారిలో ఎక్కువ." అమెరికాలో సగటున చూస్తే నిజమే. డల్లాస్ హార్ట్ స్టడీ 2005లో ఇచ్చిన లెక్కల్లో నల్లజాతి వారి సీఆర్‌పీ మధ్యస్థ విలువ లీటరుకు 3.0 మిల్లీగ్రాములు, తెల్లజాతి వారిది 2.3. అయితే అదే అధ్యయనంలో ఆడవారిది 3.3, మగవారిది 1.8. అంటే జాతుల మధ్య కంటే ఆడా మగా మధ్యే తేడా ఎక్కువ! పైగా బరువు, పొగ, బీపీ, షుగర్ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక నల్లజాతి మగవారికీ తెల్లజాతి మగవారికీ మధ్య తేడా నిలవలేదు. ఆడా మగా తేడా మాత్రం మిగిలింది. వీళ్లు గుండెపోటు రోగులు కాదు, మామూలు జనం. రోగుల దగ్గరికి వచ్చేసరికి ఇంకో పెద్ద చిక్కు ఉంది.

ఆ చిక్కు సమయం. గుండె కండరానికి దెబ్బ తగలగానే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం కాలేయాన్ని చేరుతుంది, కాలేయం సీఆర్‌పీ తయారుచేయడం మొదలుపెడుతుంది. సుమారు ఆరు గంటలకు రక్తంలో పెరుగుదల కనిపిస్తుంది. రెండు రోజులకు శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. ఇద్దరు రోగుల్ని ఊహించుకోండి. ఒకరు నొప్పి మొదలైన గంటకే ఆస్పత్రికి వచ్చారు, అప్పుడే రక్తం తీశారు, సీఆర్‌పీ 3 వచ్చింది. ఇంకొకరు గ్యాస్ నొప్పేమో అనుకుని రెండో రోజు వచ్చారు, 70 వచ్చింది. ఇద్దరి గుండెకూ ఒకే స్థాయి దెబ్బ తగిలి ఉండొచ్చు. రిపోర్టులో అంకె పక్కన చిన్న అక్షరాల్లో నమూనా తీసిన సమయం ఉంటుంది. అది చూడకుండా ఆ అంకెకు అర్థం చెప్పలేం. అమెరికాలో నల్లజాతి రోగులు ఆస్పత్రికి ఆలస్యంగా చేరుతున్నారని అనేక అధ్యయనాలు నమోదు చేశాయి. ఈ ఆలస్యాన్ని సరిచూడకుండా పోలిస్తే, గడియారం చెప్పే తేడాను జాతి మీదికి నెట్టినట్టే.

"జన్యువుల్లోనే ఉంది." రక్తపరీక్షలో జన్యువుల పాత్ర లేదని నేననడం లేదు. బాగా తెలిసిన ఉదాహరణే ఒకటుంది, అదీ ఆ ప్రచారం చెప్పేదానికి పూర్తిగా ఎదురు దిశలో. ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో డఫీ అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. వైవాక్స్ అనే రకం మలేరియా నుంచి కాపాడే మార్పు అది. దానివల్ల రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల సంఖ్య తక్కువగా కనిపిస్తుంది, రోగనిరోధక శక్తి మాత్రం మామూలుగానే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ కూడా వాపు సూచికే కదా! "వాళ్ల రక్తమే అంత" అనే తర్కం పట్టుకుంటే వాళ్లలో వాపు తక్కువ అనాలి. ఒక సూచిక పైకి, ఇంకో సూచిక కిందికి పోతుంటే జాతి మొత్తానికి ఒకే తీర్పు ఎలా ఇస్తారు?

"సీఆర్‌పీయే గుండెపోటు తెస్తుంది." దీన్ని నేరుగా పరీక్షించారు. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉండేలా చేసే జన్యు తేడాలు కొందరిలో ఉంటాయి. సీఆర్‌పీయే కారణమైతే వాళ్లకు గుండె జబ్బు ఆ మేరకు ఎక్కువ రావాలి. 2009లో, 2011లో వచ్చిన పెద్ద పరిశోధనల్లో అలా రాలేదు. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం నడిచే దారిలో జన్యు తేడాలున్నవారిలో మాత్రం ముప్పు మారిందని 2012లో తేలింది. అంటే అసలు కథ సీఆర్‌పీకి పైమెట్టులో ఉంది.

చివరిది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది: "చేయగలిగిందేమీ లేదు." 2004 నాటి ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట కొవ్వు, మానసిక ఒత్తిడి, ఆహారం, వ్యాయామం, మద్యం, ఈ తొమ్మిదే మొదటి గుండెపోటు ముప్పులో మగవారిలో 90 శాతానికి, ఆడవారిలో 94 శాతానికి కారణమని చూపింది. జాతులు మారినా పట్టిక మారలేదు. వాపును మందుతో తగ్గిస్తే ఏమవుతుందో కూడా చూశారు. 2017లో వచ్చిన కాంటోస్ ప్రయోగంలో గుండెపోటు వచ్చిపోయి, సీఆర్‌పీ 2 లేదా అంతకు మించి ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. వాపు తగ్గించే కనాకినుమాబ్ అనే మందు 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి దాదాపు 15 శాతం తగ్గాయి, కొలెస్ట్రాల్ మారకుండానే. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరగడంతో ఆ మందు గుండె జబ్బుకు వాడుకలోకి రాలేదు. వాపు తగ్గించే మరో మందు, చవకైన కోల్చిసిన్, 2019లో ఒక ప్రయోగంలో మేలు చూపింది, 2024లో ఇంకో పెద్ద ప్రయోగంలో చూపలేదు. ఆ వెతుకులాట ఇంకా సాగుతోంది. ఈలోగా పొగ మానడం, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఆపకుండా వేసుకోవడం, నొప్పి మొదలైన గంటలోనే ఆస్పత్రికి చేరడం ఏ రంగు చర్మం ఉన్నవారికైనా పనిచేస్తాయి.