వార్తల గొంతే వాళ్ల మంత్రదండం

1926 జనవరి 16, శనివారం సాయంత్రం. బీబీసీ రేడియోలో ఎవరో పండితుడు సాహిత్యం మీద నీరసంగా ఉపన్యాసం ఇస్తున్నాడు. మధ్యలో దాన్ని ఆపి వార్తలు మొదలుపెట్టారు. లండన్‌లో నిరుద్యోగుల గుంపు రెచ్చిపోయింది. నేషనల్ గ్యాలరీని దోచుకుంది. బిగ్‌బెన్ గడియారం ఉన్న టవర్‌ని మోర్టార్లతో కూల్చేసింది. ఒక మంత్రిని దీపస్తంభానికి ఉరి తీసింది. మధ్యమధ్యలో సవాయ్ హోటల్ నుంచి డాన్స్ సంగీతం వినిపిస్తోంది. కాసేపటికి ఆ హోటల్ కూడా పేలిపోయింది. ఇంత విధ్వంసానికి నాయకుడెవరయ్యా అంటే, ‘థియేటర్ క్యూల రద్దు జాతీయ ఉద్యమం’ కార్యదర్శి!

ఆ చివరి ముక్క చాలు, ఇది వేళాకోళమని తెలిసిపోవడానికి. ఇది హాస్యమని ముందే చెప్పారు కూడా. అయినా చాలామంది హడలిపోయారు. బీబీసీకీ, పత్రికాఫీసులకీ ఫోన్ల మీద ఫోన్లు. పైగా మంచు కురిసి మర్నాడు చాలా ఊళ్లకు పేపర్లు ఆలస్యమయ్యాయి. ఇంకేముంది, లండన్ నిజంగానే తగలబడిపోయిందన్నమాట అనుకున్నారు. దీన్ని రాసి, చదివినవాడు రోనాల్డ్ నాక్స్. ఆయన క్యాథలిక్ ఫాదర్, డిటెక్టివ్ కథలు కూడా రాసేవాడు. అమెరికాలో ఆర్సన్ వెల్స్ రేడియోలో అంగారక గ్రహవాసుల్ని దింపి జనాన్ని భయపెట్టింది ఆ తర్వాత 12 ఏళ్లకి. పేరు మాత్రం వెల్స్‌కే దక్కింది.

బ్రిటన్ కమెడియన్లు, మెజీషియన్ల గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల ప్రతిభ గురించే మాట్లాడుకుంటాం. చమత్కారం, టైమింగ్, చేతివాటం. అవన్నీ నిజమే. కానీ వాళ్లందరికీ ఉమ్మడిగా దొరికిన ఒక పెట్టుబడిని మనం లెక్కలోకి తీసుకోం. అది బీబీసీ పెద్దమనిషితనం. ఇంటిల్లిపాదీ నమ్మే ఒక గొంతు, అబద్ధం చెప్పదనుకునే ఒక ముఖం పక్కన ఉంటే, దాని ముందు చేసే అల్లరికి పదింతల బలం వస్తుంది. బ్రిటిష్ వినోదం దాదాపు ముప్పాతిక శతాబ్దం ఆ పరపతి మీదే బతికిందని నా అభిప్రాయం. ఆ అప్పు ఇప్పుడు పుట్టడం లేదు.

ఆ పరపతిని బీబీసీ ఎంత పట్టుదలగా కూడబెట్టిందంటే, తొలి రోజుల్లో రాత్రివేళ రేడియో అనౌన్సర్లు డిన్నర్ జాకెట్ వేసుకుని మైకు ముందు కూర్చోవాలి. వినేవాళ్లకు కోటు కనిపిస్తుందా? కనిపించదు. గొంతులో వినిపిస్తుందని వాళ్ల నమ్మకం. వినిపించింది కూడా!

ఆ గొంతును మొదట దర్జాగా వాడుకున్నవాళ్లు 1950ల రేడియో హాస్యం వాళ్లు. ‘గూన్ షో’ ప్రధాన రచయిత స్పైక్ మిలిగన్ మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో 1918లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉండేవాడు. పిచ్చి శబ్దాలు, తలాతోకా లేని కథలు, పీటర్ సెల్లర్స్ మార్చిమార్చి పలికే గొంతులు, వీటి నడుమ అనౌన్సర్‌గా ఎవర్ని పెట్టారు? నిజంగా బీబీసీ వార్తలు చదివే వాలెస్ గ్రీన్‌స్లేడ్‌ని. ఆయన అదే గంభీరమైన గొంతుతో, ముఖం చిట్లించకుండా అర్థంపర్థం లేని వాక్యాలు చదివేవాడు. నవ్వులో సగం అక్కడే పుట్టేది.

టీవీ వచ్చాక కూడా ఇదే కిటుకు. మాంటీ పైథాన్ బృందంలో జాన్ క్లీజ్ అనౌన్సర్ వేషంలో బల్ల ముందు కూర్చునేవాడు. ఆ బల్ల స్టూడియోలో తప్ప ఎక్కడైనా ఉండేది. 1976 క్రిస్మస్‌కి మోర్‌కామ్, వైజ్ అనే కమెడియన్ల జంట ఇంకా సులువైన పని చేసింది. ఆంజెలా రిపన్ రోజూ బీబీసీలో రాత్రి వార్తలు చదివే మనిషి. దేశం ఆమెను నడుము పైభాగం వరకే చూసింది. ఆ రోజు కూడా బల్ల వెనక కూర్చుని వార్తలు చదువుతున్నట్టే కనిపించింది. ఇంతలో బల్ల రెండుగా విడిపోయింది, ఆమె లేచి వచ్చి కాలు ఎత్తి డాన్స్ చేసింది. జోకు ఏమీ లేదు. ఒక్క డైలాగ్ కూడా అక్కర్లేదు. ఇప్పటికీ బ్రిటన్‌లో పాత టీవీ గురించి మాట వస్తే ఆ డాన్స్ గుర్తు చేసుకుంటారు. ఇప్పుడు ఏ యాంకరైనా డాన్స్ చేస్తే ఎవరు ఆశ్చర్యపోతారు? మన దగ్గర సంగతి చెప్పనే అక్కర్లేదు.

కమెడియన్లు సరే. ఈ పరపతితో అసలు ఆట ఆడింది మెజీషియన్లు. అందులోనూ అందరికంటే గొప్పగా ఆడినవాడు బ్రిటన్ వాడు కాదు, బెంగాలీ.

1956 ఏప్రిల్ 9 రాత్రి. ‘పనోరమా’ అంటే బీబీసీ టీవీలో రాజకీయాలు, అంతర్జాతీయ వ్యవహారాలు చర్చించే కార్యక్రమం. సమర్పించేది రిచర్డ్ డింబుల్‌బీ. మూడేళ్ల క్రితం రాణి ఎలిజబెత్ పట్టాభిషేకానికి టీవీ వ్యాఖ్యానం చెప్పిన గొంతు అది. ఆ కార్యక్రమం చివర్లో తలపాగా, షేర్వాణీతో పి.సి. సర్కార్ వచ్చాడు. మన ఊళ్లలో మ్యాజిక్ షో వాళ్లు ఇప్పటికీ మహారాజు వేషం వేసుకుంటారే, ఆ ఫ్యాషన్‌కి మూలపురుషుడు ఆయనే. 17 ఏళ్ల సహాయకురాలిని బల్ల మీద పడుకోబెట్టాడు. హిప్నటైజ్ చేశానన్నాడు. పెట్టె లేదు, గుడ్డ కప్పలేదు. గుండ్రంగా తిరిగే పెద్ద రంపాన్ని ఆమె నడుము మీదుగా దింపాడు. తర్వాత ఆమెను లేపబోయాడు. చేతులు రుద్దాడు. ఆమె కదల్లేదు. తల అడ్డంగా ఊపి ఆమె ముఖం మీద నల్లగుడ్డ కప్పాడు. అంతలో డింబుల్‌బీ కెమెరాకు అడ్డంగా వచ్చి గుడ్‌నైట్ చెప్పేశాడు. కార్యక్రమం అయిపోయింది.

బీబీసీ వాళ్ల లైమ్ గ్రోవ్ స్టూడియోలో ఫోన్లు మోగిపోయాయి. ఒక అమ్మాయిని లైవ్‌లో చంపేశారని జనం గగ్గోలు. అమ్మాయి క్షేమమేనని, టైమ్ దాటిపోవడం వల్ల ఆపామని బీబీసీ చెప్పుకోవాల్సి వచ్చింది. మర్నాడు పేపర్ల మొదటి పేజీల్లో అదే వార్త. సర్కార్ అప్పటికే లండన్‌లో డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌ని మూడు వారాలకు మాట్లాడుకుని ఉన్నాడు. టికెట్లు ఎగిరిపోయాయి. టైమ్ దాటడం అనుకోకుండా జరిగిందంటే నేను నమ్మను. స్టేజీ మీద సెకన్లు లెక్కపెట్టుకునే మనిషికి, లైవ్ ప్రోగ్రాం ఎన్ని గంటలకు ముగుస్తుందో తెలియదా?

అమ్మాయిని రంపంతో కోసే మ్యాజిక్ అప్పటికే పాతది. 1921 జనవరిలో లండన్ ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్‌లో సెల్బిట్ అనే మెజీషియన్ జనానికి చేసి చూపించాడు. 35 ఏళ్లుగా స్టేజీల మీద కోస్తూనే ఉన్నారు, ఎవరూ పోలీసులకు ఫోన్ చేయలేదు. అదే మ్యాజిక్ వినోద కార్యక్రమంలో వచ్చి ఉంటే ఈసారీ అంతే. రాజకీయ చర్చల తర్వాత, డింబుల్‌బీ పక్కన వచ్చింది కాబట్టే దేశం వణికింది. ఆ రాత్రి సర్కార్‌కి అసలు సహాయకుడు డింబుల్‌బీ. పాపం ఆయనకి ఆ సంగతి తెలుసో లేదో మరి.

ఏడాది తిరక్కుండానే, 1957 ఏప్రిల్ 1న, అదే డింబుల్‌బీ అదే ‘పనోరమా’లో స్విట్జర్లాండ్‌లో చెట్ల నుంచి స్పఘెట్టీ (పిండితో చేసే పొడవాటి సేమ్యా లాంటిది) కోస్తున్న రైతు కుటుంబాన్ని చూపించాడు. ఆ చెట్టు ఎలా పెంచాలని అడిగినవాళ్లున్నారు. ఈసారి మాత్రం ఆయనకి బాగా తెలుసు.

ఇక్కడ చిన్న పిట్టకథ. 1950లో మొదలైన ఓ రేడియో హాస్య కార్యక్రమంలో హీరో ఆర్చీ ఆండ్రూస్. ఆర్చీ చెక్కబొమ్మ. వాణ్ని మాట్లాడించేది పీటర్ బ్రో, వృత్తిరీత్యా వెంట్రిలాక్విస్టు. పెదవులు కదలకుండా బొమ్మతో మాట్లాడించడం ఆ విద్య. మరి రేడియోలో పెదవులు ఎవరికి కనిపిస్తాయి! అయినా దేశమంతా ఆర్చీ అల్లరి వింది. వాడికి పాఠాలు చెప్పే టీచర్ పాత్రలోనే కమెడియన్ టోనీ హాంకాక్‌కి పేరొచ్చింది. తర్వాత టీవీ వచ్చింది, బ్రో పెదవులు అందరికీ కనిపించాయి. నా పెదవులు కదులుతున్నాయా అని అతను అడిగితే, ఆర్చీ మాట్లాడేటప్పుడు మాత్రమే అని తోటి నటి బెరిల్ రీడ్ జవాబు చెప్పిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కెమెరా వచ్చాక మెజీషియన్‌కీ అదే టెన్షన్. దగ్గరగా చూపిస్తే గుట్టు బయటపడుతుంది, దూరంగా చూపిస్తే ఎడిటింగ్ అంటారు. దీనికి పాల్ డేనియల్స్ కనిపెట్టిన మందు నిజాయితీ. మిడిల్స్‌బరో దగ్గర పుట్టి, ఉత్తర ఇంగ్లండ్ కార్మికుల క్లబ్బుల్లో తాగినవాళ్ల మధ్య రాటుదేలిన మనిషి. 1979 నుంచి 1994 దాకా బీబీసీలో అతని షో నడిచింది. స్టూడియోలో జనం, కెమెరా ట్రిక్కులు లేవన్న భరోసా. 1987లో దెయ్యాల పండగ హాలోవీన్ రాత్రి లైవ్‌లో ఇనుప మేకులున్న పెట్టెలో అతన్ని బంధించారు, తప్పించుకునేలోపే తలుపు మూసుకుంది, ప్రోగ్రాం నిశ్శబ్దంగా ముగిసింది. మళ్లీ ఫోన్లు. మళ్లీ అంతా క్షేమమన్న ప్రకటన. సర్కార్ పాఠాన్ని 31 ఏళ్ల తర్వాత అప్పజెప్పాడు, అంతే. బాగానే అప్పజెప్పాడు, కాదనను. కానీ ‘నన్ను నమ్మండి’ అనే మెజీషియన్ ఛానల్ మీద నమ్మకం ఉన్నన్నాళ్లే నెగ్గుతాడు.

ఆ నమ్మకంతో పనే లేని మనిషి టామీ కూపర్. వేల్స్‌లోని కేర్‌ఫిలీలో 1921లో పుట్టాడు. ఆరడుగులు దాటిన భారీ మనిషి, నెత్తిన ఎర్రటి ఫెజ్ టోపీ, ఏదో కొంప మునిగినట్టు నవ్వు. అతని మ్యాజిక్ ఎప్పుడూ చెడిపోయేది. ఒక సీసా, ఒక గ్లాసు. రెండింటి మీదా గొట్టాలు పెట్టి మూసేవాడు. ఇప్పుడు సీసా చోటికి గ్లాసు, గ్లాసు చోటికి సీసా వెళ్లాయని ప్రకటించేవాడు. గొట్టాలు మాత్రం ఎత్తడు. వీటిని మళ్లీ వెనక్కి రప్పించడమే అసలు కష్టం అంటూ చేతులు తిప్పి, అప్పుడు ఎత్తేవాడు. సీసా సీసా చోట, గ్లాసు గ్లాసు చోట. జనం పొట్ట చేత్తో పట్టుకునేవాళ్లు. అయితే అక్కడితో ఆగడు. కాసేపటికి అవి నిజంగానే చోటు మారేవి, ఆపైన బల్ల నిండా సీసాలు పుట్టుకొచ్చేవి. చేతకానివాడు కాదు, చేయి తిరిగిన మెజీషియన్. చెడగొట్టాలన్నా ముందు బాగా చేయడం రావాలి కదా. కెమెరా ఎంత దగ్గరికి వస్తే అతనికి అంత లాభం. దాచుకోవడానికేం ఉంది, అన్నీ ముందే బయటపెట్టేశాడు. అందుకే డేనియల్స్ షోలు ఇవాళ చూస్తే పాతబడినట్టు అనిపిస్తాయి, కూపర్ అనిపించడు.

కానీ అందులోనే ఒక ప్రమాదం ఉంది. 1984 ఏప్రిల్ 15, ఆదివారం రాత్రి. లండన్ హర్ మెజెస్టీస్ థియేటర్ నుంచి బీబీసీకి పోటీ ఛానల్ ఐటీవీలో లైవ్ షో. కూపర్‌కి ఒక సహాయకురాలు పొడవాటి అంగీ తొడిగి వెళ్లింది. ఆ అంగీ లోంచి పెద్దపెద్ద వస్తువులు బయటికి తీయాలి. తెర వెనక నుంచి వాటిని అందించడానికి హోస్టు జిమ్మీ టార్బక్ సిద్ధంగా ఉన్నాడు. కూపర్ మెల్లగా వెనక్కి కూలబడ్డాడు. జనం నవ్వారు. ఊపిరి అందక తంటాలు పడుతుంటే ఇంకా నవ్వారు. గుండెపోటు. యాడ్స్ వేసి, తర్వాతి కళాకారులను తెర ముందు ఆడించారు, వెనక అతన్ని బతికించాలని చూస్తుండగానే. 63 ఏళ్లకి పోయాడు. నవ్వినవాళ్లని తప్పుపట్టేవాళ్లు ఉంటారు, నేను పట్టను. కూపర్ ఏం చేసినా ఆటలో భాగమేనని వాళ్లకు ముప్పై ఏళ్ల పాటు నేర్పింది అతనే.

1990ల నాటికి బీబీసీ ఖాతా ఖాళీ అవడం మొదలైంది. 1992 హాలోవీన్ రాత్రి ‘ఘోస్ట్‌వాచ్’ అనే నాటకాన్ని లైవ్ రిపోర్టింగ్ లాగా చూపించారు. నమ్మకస్తుడైన మైఖేల్ పార్కిన్‌సన్ స్టూడియోలో, పిల్లల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న సారా గ్రీన్ దెయ్యాల ఇంట్లో. ఫోన్ చేస్తే ఇది కల్పితమని చెప్పే ఏర్పాటు ఉంది, తీరా లైన్లు జామ్ అయి చాలామందికి అది చేరనే లేదు. గొడవ ఎంత పెద్దదయ్యిందంటే బీబీసీ దాన్ని మళ్లీ ప్రసారం చేయలేదు. ఆ తర్వాత కమెడియన్ క్రిస్ మోరిస్ ‘కేక్’ అనే లేని డ్రగ్‌ని కల్పిస్తే, అతని మాట నమ్మి ఒక ఎంపీ పార్లమెంటులో ప్రశ్న కూడా అడిగేశాడు. అది ఛానల్ 4లో వచ్చింది. వార్తల గొంతుని వాడుకుని నవ్వించడం పోయి, వార్తల గొంతే బూటకమని చూపించే హాస్యం వచ్చింది. చాలా గొప్ప హాస్యం, కానీ అది కూర్చున్న కొమ్మనే నరికింది.

2009 సెప్టెంబర్ 9న మెజీషియన్ డెరెన్ బ్రౌన్ ఛానల్ 4లో లాటరీ నంబర్లు ముందే చెప్తానన్నాడు. డ్రా చూపించే హక్కు బీబీసీది కాబట్టి తన జోస్యాన్ని డ్రా అయ్యాకే తిప్పి చూపించాడు. అన్నీ సరిపోయాయి. జనం నోట వచ్చిన మాట? స్క్రీన్‌ని రెండుగా చీల్చి కెమెరా ట్రిక్కు చేశాడని. రెండు రోజులకు, 24 మంది అంచనాల సగటు తీశానని అతను వివరణ ఇస్తే, మ్యాజిక్ కంటే అదే పెద్ద అబద్ధం అని నవ్వుకున్నారు.

అదే బ్రౌన్ థియేటర్‌లో ఆడితే ఈ గోల ఉండదు. అక్కడ కెమెరా లేదు, ఛానల్ లేదు, ఎదురుగా మనిషి ఒక్కడే. స్టేజీ షోలకు 2006లో, 2012లో బ్రిటన్ రంగస్థల పురస్కారాలైన ఒలివియే అవార్డులు అందుకున్నాడు. ఈ లెక్క అందరికంటే ముందు కుదిరింది మళ్లీ సర్కార్‌కే. టీవీలో అమ్మాయిని అలాగే వదిలేసి వెళ్లాడు. మిగతా మ్యాజిక్ కావలసినవాళ్లు డ్యూక్ ఆఫ్ యార్క్స్‌లో టికెట్ కొనుక్కుని చూశారు.