ఫొటో దిగడం రాని మనిషి

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గారి మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. మనిషి పోయాడు కదా (2012లో) అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

1969 జూలై 20న సుమారు 3.8 లక్షల కిలోమీటర్ల దూరంలోని చంద్రుడి మీద దిగారు. రెండున్నర గంటలు బయట తిరిగారు. తనది ఒక్క మంచి ఫొటో తెచ్చుకోలేదు! కెమెరా ఎక్కువసేపు ఆయన చేతిలోనే ఉంది మరి. లోకమంతా గోడలకు అంటించుకున్న ఆ బొమ్మలో ఉన్నది ఆయనతో పాటు దిగిన ఆల్డ్రిన్. మన మొదటి మనిషి ఎక్కడయ్యా అంటే, ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలో, వేలెడంత. మన పెళ్లిళ్లలో వీడియో తీసే కుర్రాడు ఇంతకన్నా ఎక్కువ కనిపిస్తాడు.

పైన కక్ష్యలో ఒంటరిగా తిరిగిన మైకేల్ కాలిన్స్ ఇంకా అన్యాయం. ఆ ఇద్దరితో కింద నుంచి తిరిగొస్తున్న నౌక ఈగిల్‌నీ, వెనకాల భూమినీ కలిపి ఒకే ఫొటో తీశాడు. అందులో ఆనాటి మనుషులందరూ ఉన్నారు, తీసినాయన తప్ప.

పోనీ, చెప్పుకోవడానికి సరుకు లేదా అంటే బోలెడుంది. దిగేటప్పుడు కంప్యూటర్ 1202 అంటూ అలారాలు మోగించింది. కింద చూస్తే బండరాళ్లు. అడుగంటుతున్న ఇంధనంతో, చేత్తో నడిపి అవతల దించారు. గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోంది, గొంతులో మాత్రం టెన్షన్ లేదు. ఈ ఒక్క కథ చాలు, మైకులో జీవితాంతం బతికేయడానికి. పైగా గిరాకీ చూడండి: చంద్రుడి మీద నడిచింది 12 మందే, 1972 డిసెంబరు తర్వాత ఒక్కరూ లేరు. మా వీధిలో అయ్యప్ప మాల వేసుకున్నాయనకే నాలుగు ఫ్లెక్సీలు పడ్డాయి.

ఈయన ఏం చేశారు? 1971లో నాసా వదిలేసి, సిన్సినాటి యూనివర్సిటీలో పిల్లలకు ఏరోస్పేస్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పారు, ఎనిమిదేళ్లు. ఆటోగ్రాఫులు జనం అమ్ముకుంటున్నారని తెలిసి సంతకాలూ మానేశారు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు కాస్త ఆశ కలిగించింది ఒక్కరే, ఆయనకు క్షవరం చేసే సెలూన్ యజమాని. కత్తిరించిన జుట్టు ఊడ్చి పారేయకుండా 3,000 డాలర్లకు అమ్మాడు. 2005లో సంగతి బయటికొచ్చింది. ఇప్పుడైనా మేల్కొంటారనుకున్నాను. జుట్టన్నా తిరిగి తెప్పించు, లేదంటే ఆ డబ్బు ఏదైనా దానధర్మానికి ఇచ్చెయ్యి అన్నారట.

కనీసం వాటా అడగలేదు.